వరుస మారినను ఆకృతి నిలుచును: జీవశాస్త్ర పాఠ్యగ్రంథ రచయితలకు బహిరంగ లేఖ

మహాశయులారా,

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోని బాలబాలికల చేతికందు జీవశాస్త్ర పాఠ్యగ్రంథములను వ్రాయుటయు, దిద్దుటయు, కాలానుగుణముగ సంస్కరించుటయు మీ భారము. ఆ భారమెంత గురుతరమైనదో తరగతి గదిలో నిలిచి పాఠము చెప్పిన ప్రతి ఉపాధ్యాయునికిని తెలియును. ఏలనన గ్రంథాలయము లేని ఊరిలో, ప్రయోగశాల తలుపునకు తాళము వ్రేలాడు బడిలో, విద్యార్థికి విజ్ఞానశాస్త్రమనగా మీరు వ్రాసిన ఆ పుస్తకమే.

2023వ సంవత్సరమున ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు తమ పదవ తరగతి పుస్తకములోని ‘అనువంశికత, పరిణామము’ అను అధ్యాయమునుండి పరిణామమును తొలగించి అనువంశికతను మాత్రమే నిలిపినపుడు, దేశమునందలి శాస్త్రజ్ఞులనేకులు బహిరంగముగ అభ్యంతరము తెలిపిరి. ఆ అభ్యంతరము న్యాయమైనదని నా నిశ్చితాభిప్రాయము. పదవ తరగతితోడనే జీవశాస్త్రమును విడిచిపెట్టు విద్యార్థులకు ఆ పాఠము చదువుటకు మరియొక అవకాశము రాదు. అయినను ఆ అధ్యాయము ఉండవలెనా వలదా అను వాదము కొరకే నేనీ లేఖ వ్రాయుట లేదు. ఉన్నచో అందేమి ఉండవలెనన్నదియే నేను మీ యెదుట పెట్టదలచిన విషయము.

పరిణామమును గూర్చి మనము చెప్పు పాఠము ఎముకల వద్దనే ఆగిపోవుచున్నది. తిమింగిలపు తెడ్డు, గబ్బిలపు రెక్క, మనుష్యుని చేయి ఒకే ఎముకల అమరిక గలవని చూపి, జిరాఫీ మెడను గూర్చి రెండు మాటలు చెప్పి, శిలాజముల చిత్రమొకటి వేసి ముగింతుము. ఇవి సత్యములే, మంచి ఉదాహరణములే. కాని ఇవన్నియు పందొమ్మిదవ శతాబ్దపు సాక్ష్యములు. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మానవుడు సంపాదించిన సాక్ష్యము వీనికంటె సూక్ష్మమైనది, లెక్కకు నిలుచునది, ప్రయోగశాలలో తిరిగి పరీక్షింపదగినది. అది ప్రొటీన్ల ఆకృతిలో నున్నది. ప్రొటీనులోని అమైనో ఆమ్లముల వరుస కాలక్రమమున విపరీతముగ మారిపోయినను, ఆ వరుస ముడుచుకొని దాల్చు ఆకృతి మాత్రము కోట్లకొలది సంవత్సరములు నిలిచియుండుననియు, ఆ ఆకృతిలో కలిగిన స్వల్పమైన మార్పే ఒక్కొక్కచోట ప్రాణి జీవితమును మార్చివేయుననియు మన విద్యార్థికి తెలియవలెను. దీనిని బోధించుటకు హీమోగ్లోబిన్ కుటుంబమును మించిన ఉదాహరణము లేదు.

కేంబ్రిడ్జిలో మాక్స్ పెరూట్జ్ గుఱ్ఱపు హీమోగ్లోబిన్ స్ఫటికముల మీద ఎక్స్-కిరణములను ప్రసరింపజేసి పరిశోధన ప్రారంభించినది 1937లో. స్ఫటికమునుండి చెదరి ఫలకముపై పడిన వేలకొలది చుక్కల తీవ్రతలను కొలిచి, వానినుండి అణువు రూపమును రాబట్టుటకై, ఆయన ఇరువది సంవత్సరములకు పైగా ఆ ఒక్క ప్రొటీనునే పట్టుకొని కూర్చుండెను. ఆయన సహచరుడు జాన్ కెండ్రూ అంతకంటె చిన్నదైన మయోగ్లోబిన్‌ను ఎన్నుకొనెను. ఇది కండరములలో ప్రాణవాయువును నిలువచేయు ప్రొటీను. సముద్రములో చిరకాలము మునిగియుండు స్పెర్మ్ తిమింగిలపు కండరములలో సమృద్ధిగ లభించును గనుక, కెండ్రూ దాని స్ఫటికములనే వాడెను. 1958లో ఆయన బృందము మయోగ్లోబిన్ యొక్క మొదటి నమూనాను ప్రకటించినది. 153 అమైనో ఆమ్లముల గొలుసు ఎనిమిది సర్పిలములుగ చుట్టుకొని, ఆ సర్పిలములు ఒకదానిపై నొకటి వాలి, మధ్యనున్న ఒక గుంటలో ఇనుమును ధరించిన హీము అను చదునైన అణువును పొదివి పట్టుకొనియున్నవి. ఆ రూపములో కంటికింపైన సౌష్ఠవమేదియు లేదు. అది చూచినవారికి ఆశ్చర్యమే కలిగినది. 1960లో పెరూట్జ్ హీమోగ్లోబిన్ నమూనాను నిర్మించెను. దానిలో నాలుగు గొలుసులు గలవు: ఆల్ఫా అనబడునవి రెండు, బీటా అనబడునవి రెండు. ఆ నాలుగింటిలో ఒక్కొక్కటియు కెండ్రూ చూపిన మయోగ్లోబిన్ వలెనే ముడుచుకొనియుండెను! ఒకటి తిమింగిలపు మాంసమునందలిది, మరియొకటి గుఱ్ఱపు రక్తమునందలిది. ఒకటి ఒంటరి గొలుసు, మరియొకటి నాలుగు గొలుసుల కూటమి. వరుసలను పోల్చి చూడగా నాలుగింట సుమారు మూడు వంతులు భిన్నములు. అయినను ఆకృతి యొక్కటే. 1962లో వారిరువురకును రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

ఈ సాక్ష్యము కొరకు తిమింగిలము వరకును పోవలసిన పనిలేదు. కృష్ణా డెల్టా మాగాణులలో వరికోతకు ముందు చేలో చల్లిన మినుము, పూతకు వచ్చిన తరుణమున, మొక్కనొకదానిని మన్నుతో సహా పెల్లగించి, వేరును నీటిలో మెల్లగ కడిగినచో, ఆవగింజ మొదలు మిరియపు గింజ వరకు గల పరిమాణములో బుడిపెలు కనబడును. ఒక బుడిపెను బ్లేడుతో నడిమికి కోసిన, లోపలి భాగము లేత ఎఱుపు రంగున, అప్పుడే గీరుకొన్న చర్మము వలె, తడిగ మెరయును. ఆ ఎఱుపు లెగ్‌హీమోగ్లోబిన్ అను ప్రొటీనుది. మన నెత్తురులో నున్నట్టి హీముదే. బుడిపెలలో వసించు రైజోబియం సూక్ష్మజీవులలో గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చు రూపమునకు మార్చు ఎంజైము ప్రాణవాయువు తగిలినంతనే చెడిపోవును. కాని ఆ సూక్ష్మజీవుల శ్వాసక్రియకు ప్రాణవాయువు తప్పనిసరి. కావున విడి ప్రాణవాయువును అత్యల్పముగ నుంచుచు, కావలసినంత మాత్రము నిరంతరము చేరవేయు వాహకమొకటి అక్కడ అవసరము. ఆ పనిని లెగ్‌హీమోగ్లోబిన్ నెరవేర్చుచున్నది. బుడిపె ముదిరి పని మానినపుడు ఆ ఎఱుపు పోయి పచ్చబారును. వేరుబుడిపెలలోని ఈ ఎఱుపు హీమోగ్లోబిన్ జాతిదని 1939లో జపాను శాస్త్రజ్ఞుడు కుబో గుర్తించెను; 1975లో రష్యా శాస్త్రజ్ఞులు లూపిను మొక్క యొక్క లెగ్‌హీమోగ్లోబిన్ ఆకృతిని నిర్ణయించిరి. అదియును తిమింగిలపు మయోగ్లోబిన్ వలెనే ముడుచుకొనిన సర్పిలముల కూర్పు. మొక్కలకును జంతువులకును ఉమ్మడిగ నుండిన పూర్వికజీవి నూరుకోట్ల సంవత్సరములకు పైబడిన గతమునాటిది. అంతకాలము వేరుపడి నడచిన రెండు వంశములలో ఒకే ముడుత నిలిచియున్నదనుటకు, బ్లేడునకు అంటిన ఆ ఎఱుపు సాక్షి. అయిదు నిమిషములలో, ఖర్చు లేకుండ, ఏ గ్రామములోని పాఠశాలలోనైనను చూపదగిన ప్రయోగమిది. మన జీవశాస్త్ర పుస్తకములు వేరుబుడిపెలను నత్రజని స్థాపన పాఠములో వర్ణించి, పరిణామ పాఠములో వాని ఊసు ఎత్తకుండుట నాకు బాధ కలిగించుచున్నది.

వరుస ఇంతగ మారినను ఆకృతి ఎట్లు నిలిచినది? 1980లో ఆర్థర్ లెస్క్, సైరస్ చోథియా అను ఇరువురు శాస్త్రజ్ఞులు, హీమోగ్లోబిన్ కుటుంబపు ప్రొటీన్లలో, అనగా గ్లోబిన్లలో, అప్పటికి ఆకృతులు తెలిసిన తొమ్మిదింటిని పక్కపక్కన నుంచి పరిశీలించిరి. వానిలో మిక్కిలి దూరపు జంటలకు వరుసలో నూటికి 16 స్థానములలో మాత్రమే పోలిక. లోపల నున్న అమైనో ఆమ్లము చిన్నదానికి మారుగ పెద్దది వచ్చినపుడు సర్పిలములు ఆ మేరకు జరిగినవి; కొన్ని జంటలలో ఏడు ఆంగ్‌స్ట్రాముల వరకు తొలగినవి, ముప్పది డిగ్రీల వరకు తిరిగినవి. ఆంగ్‌స్ట్రామనగా సెంటీమీటరులో పదికోట్లవ వంతు. అణువు లోపల ఏడు ఆంగ్‌స్ట్రాములు కొంచెపు దూరము కాదు. అయినను ఈ జరుగుళ్లన్నియు ఒకదానితో నొకటి సరిపడునట్లు కలిగి, హీమును పట్టియుంచు గుంటను మాత్రము చెదరనీయలేదు. ప్రాచీన దేవాలయమును తరతరములుగ జీర్ణోద్ధరణ చేయుచు, స్తంభములు మార్చినను, ప్రాకారమును జరిపినను, గర్భాలయపు కొలత చెడకుండ కాపాడిన స్థపతుల పనిని ఇది తలపించును. కాని ఇక్కడ స్థపతి లేడు, గుంట చెడినచో ఊపిరి నిలువక నశించిన ప్రాణులును, చెడకుండుటచే బ్రతికిన ప్రాణులును మాత్రమే కలరు. వరుసల పోలిక విస్తరించిన కొలదియు తేలినదేమనగా, గ్లోబిన్లలో దాదాపు ఎచ్చటను మారక నిలిచినవి రెండే స్థానములు: హీములోని ఇనుమును పట్టుకొను హిస్టిడిన్ ఒకటి, హీమును ఒత్తిపట్టు ఫినైల్‌అలనిన్ ఒకటి. ప్రకృతి వరణము దేనిని విడిచిపెట్టునో, దేనిని విడిచిపెట్టదో ఇంతకంటె స్పష్టముగ చూపు పాఠము నాకు తెలియదు.

అదే చోథియా, లెస్క్ 1986లో ఎనిమిది కుటుంబములకు చెందిన 32 జంటల ప్రొటీన్లను కొలిచి, వరుసలో సగము పోలిక గల ప్రొటీన్ల నడిమి కట్టు సుమారు ఒక ఆంగ్‌స్ట్రాము మాత్రమే తేడా చూపుననియు, పోలిక తగ్గినకొలది ఆ తేడా త్వరితముగ పెరుగుననియు నిరూపించిరి. ఆకృతియు మారును, కాని వరుసకంటె ఎంతో మెల్లగ.

ఈ నిలకడకు ప్రకృతి వరణము ఒక్కటే కారణము కాదు. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ గార్లు ప్రొటీను గొలుసులో ఒక్కొక్క అమైనో ఆమ్లము వద్ద కలుగు రెండు మలుపుల కోణములను లెక్కించి, ఆ కోణముల కలయికలలో అధికభాగము పరమాణువులు ఒకదానినొకటి ఢీకొనుటచే అసాధ్యమనియు, కొలది ప్రదేశములు మాత్రమే అనుమతములనియు ఒక పటముగ గీచి చూపిరి. ప్రపంచమున నేటికిని ఏ ప్రయోగశాలలో ఏ ప్రొటీను ఆకృతిని నిర్ణయించినను, అది సరియైనదా కాదా అని ఆ రామచంద్రన్ పటముపై నుంచి పరీక్షింతురు. పరిణామమునకు అందుబాటులో నున్న ఆకృతులు అనంతములు కావు; భౌతికశాస్త్రము హద్దులు గీచినది. దక్షిణాపథమున జరిగిన ఈ మహత్తర కృషిని మన పిల్లలు పరిణామ పాఠములో చదువకపోవుటకు కారణమేమియు నాకు కనబడదు.

ఒక జాగ్రత్తను గూడ పాఠములో చెప్పవలెను. పోలిక కనబడినచోటనెల్ల బంధుత్వము ఉండదు. మన ప్రేగులలో పనిచేయు కైమోట్రిప్సిన్, బాసిల్లస్ సూక్ష్మజీవి స్రవించు సబ్‌టిలిసిన్ రెండును మూడు అమైనో ఆమ్లములను ఒకే విధముగ అమర్చుకొని ప్రొటీన్లను ఛేదించును. కాని వాని మొత్తము ముడుతలు పూర్తిగ వేరు. ఒకే అవసరము రెండు వేర్వేరు వంశములను ఒకే ఉపాయమునకు చేర్చినది. గ్లోబిన్లలో నిలిచినది ముడుత. ఇక్కడ పోలినది చిన్న మూల మాత్రమే. ఈ భేదము తెలిసిన విద్యార్థి పరిణామవాదమును కంఠస్థము చేసినవాడు కాడు, విచారించినవాడు.

ఇక ఆకృతిలో మార్పును గూర్చి. ఆల్ఫా, బీటా గొలుసులు ఒకే పూర్వ జన్యువు రెండుగ ప్రతిచేయబడుటవలన పుట్టినవి. ఆ చీలిక సుమారు 45–50 కోట్ల సంవత్సరముల క్రిందటిది. నాలుగు గొలుసులు కూడిన హీమోగ్లోబిన్ ఒక చోట ప్రాణవాయువును గ్రహించినచో తక్కిన చోట్ల గ్రహణశక్తి హెచ్చును. ఊపిరితిత్తులలో నిండుగ నింపుకొని, కండరములలో ఎక్కువగ విడిచిపెట్టుటకు ఈ గుణమే ఆధారము. ఇట్టి జటిలమైన కూటమి క్రమక్రమముగ ఎట్లు ఏర్పడగలదని పరిణామమును శంకించువారు తరచుగ ప్రశ్నింతురు. 2020లో జోసెఫ్ థార్న్‌టన్ బృందము నేటి గ్లోబిన్ల వరుసలనుండి పూర్వికుల వరుసలను గణించి, ఆ ప్రాచీన ప్రొటీన్లను ప్రయోగశాలలో తయారుచేసి పరీక్షించి, జంటగ నుండిన పూర్వ ప్రొటీను నాలుగింటి కూటమిగ మారుటకు ఉపరితలమున రెండు అమైనో ఆమ్లముల మార్పు చాలునని కనుగొనినది. ప్రశ్నకు సమాధానము వాదముచే గాక ప్రయోగముచే లభించినది.

తలపై రెండు నల్లని పట్టెలు గల బార్-హెడెడ్ గూస్ అను పెద్దబాతు ప్రతి శీతకాలమున హిమాలయములను దాటి మన దేశమునకు వచ్చును. ప్రాణవాయువు పలుచనైన ఆ ఎత్తులలో ఎగురుటకు తోడ్పడు మార్పులలో ఒకటి దాని హీమోగ్లోబిన్‌లో ఆల్ఫా గొలుసు 119వ స్థానమున ప్రోలిన్‌కు మారుగ అలనిన్ ఉండుట. అచ్చట ఆల్ఫా గొలుసు బీటా గొలుసు 55వ స్థానమును తాకును. చిన్నదైన అలనిన్ వచ్చుటచే ఆ స్పర్శ తొలగి, హీమోగ్లోబిన్‌కు ప్రాణవాయువుపై ఆకర్షణ పెరిగినది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములపై నివసించు ఆండియన్ గూస్ అదే స్పర్శను మరియొక వైపునుండి, బీటా 55వ స్థానమును మార్చుకొని, పోగొట్టుకొన్నది. పెరూట్జ్ 1983లో ఊహించిన ఈ కారణమును 1991లో మానవ హీమోగ్లోబిన్‌లోనే ఆ మార్పులు చేసి పరీక్షించి ధ్రువపరచిరి.

మహాశయులారా, నేను మిక్కిలి ఆర్తితో చెప్పదలచినది దీని తరువాతి మాట. పాడేరు మన్యములోను, ఆదిలాబాదు అడవులలోను సికిల్ సెల్ రక్తహీనత తరతరములుగ ఆదివాసీ కుటుంబములను పీడించుచున్నది. బీటా గొలుసు ఆరవ స్థానమున గ్లుటామిక్ ఆమ్లమునకు మారుగ వాలిన్ వచ్చుటయే దానికి కారణమని వెర్నన్ ఇంగ్రామ్ 1957 నాటికి తేల్చెను. 146 అమైనో ఆమ్లములలో ఒక్కటి! గొలుసు ముడుత చెదరలేదు. ఆకృతి దాదాపు యథాతథముగ నున్నది. కాని నీటితో పొసగని వాలిన్ ఉపరితలమునకు వచ్చుటచే, ప్రాణవాయువును విడిచిన హీమోగ్లోబిన్ అణువు పక్క అణువులోని చిన్న గుంటలో అతుకుకొనును. ఆ అతుకులు సాగి పోగులై, పోగులు పేనుకొని త్రాళ్లై, ఎఱ్ఱరక్తకణమును కొడవలి వలె వంచును. వంగిన కణములు సన్నని రక్తనాళములలో చిక్కుకొనినపుడు కలుగు ఎముకల నొప్పిని అనుభవించు పిల్లలను చూచినవారికి దాని తీవ్రతను వేరుగ చెప్పనవసరము లేదు. ఇంతటి హానికరమైన మార్పు ఏల తుడిచిపెట్టుకొని పోలేదు? తల్లినుండియో తండ్రినుండియో ఒక్క ప్రతిని మాత్రమే పొందినవారికి తీవ్రమైన మలేరియానుండి రక్షణ కలుగునని 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూపెను. మలేరియా చిరకాలము రాజ్యమేలిన మన్యములలో ఈ జన్యువు నిలుచుటకు కారణమదియే. ఒక ప్రాణాంతక జ్వరమునుండి పిల్లలను కాపాడినందుననే అది మిగిలినది. రెండు ప్రతులు కూడినచోట అదియే బాధయైనది.

2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమము క్రింద నలుబది సంవత్సరముల లోపు వయసుగల 7 కోట్ల మందిని పరీక్షింపవలెనని సంకల్పించి, పరీక్షింపబడినవారికి కార్డులిచ్చుచున్నారు. ఆశ్రమ పాఠశాలలో చదువు గిరిజన బాలిక చేతిలో ఆ కార్డు ఉండును. ఆ కార్డుపై నున్నదేమో వివరించు పుట ఆమె పాఠ్యగ్రంథములో ఉండవలెను. అది లేనిచో తనయందేదో దోషమున్నదనియు, తన కులమునకేదో శాపము తగిలినదనియు ఆమె నమ్మవచ్చును. పెండ్లి సంబంధములవేళ ఆ కార్డును దాచిపెట్టవచ్చును. ఉన్నచో అది తన పూర్వికులు మలేరియాను జయించిన చరిత్రలోని ఒక అక్షరమని, రెండు ప్రతులు కూడకుండ చూచుకొనవలెనని, వైద్యమునకు సంకోచింపరాదని తెలిసికొనును. పరిణామమును పాఠమునుండి తీసివేసిన, ఆమెకు రోగము పేరు మాత్రమే మిగులును, కారణము మిగులదు.

పై చదువులకు పోవువారికి ఇది మరియొక విధముగ అవసరము. 2020లో ఆల్ఫాఫోల్డ్ అను కంప్యూటరు కార్యక్రమము అమైనో ఆమ్లముల వరుసనుండి ప్రొటీను ఆకృతిని ఆశ్చర్యకరమైన నిశితత్వముతో చెప్పగలిగినది. 2024 రసాయనశాస్త్ర నోబెల్ బహుమానములో సగము డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు, సగము కొత్త ప్రొటీన్లను రచించిన డేవిడ్ బేకర్‌కు లభించినది. ఆ కార్యక్రమము బంధువులైన ప్రొటీన్ల వరుసలను వేలకొలది పక్కపక్కన పేర్చి, ఒకచోట మార్పు వచ్చినపుడు మరియొకచోట తోడుగ మార్పు వచ్చుటను గమనించి, ఆ రెండు స్థానములు ముడుతలో దగ్గరగ నుండునని ఊహించును. పరిణామము వ్రాసిపెట్టిన లెక్కనే అది చదువుచున్నది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లోనో మరియొక ప్రయోగశాలలోనో రేపు పనిచేయబోవు యువకులు ఈ సాధనమును వాడుదురు. అది దేనిని చదువుచున్నదో వారికి బడిలోనే తెలియుట మేలు.

కావున మీరు రాబోవు ముద్రణములో పరిణామ అధ్యాయమును నిలుపుడు. ఎముకల చిత్రము పక్కన తిమింగిలపు మయోగ్లోబిన్, మానవ హీమోగ్లోబిన్ గొలుసు, లూపిను లెగ్‌హీమోగ్లోబిన్ మూడింటి ఆకృతులను ఒకే కొలతలో ముద్రింపుడు; వాని క్రింద వరుసలలోని కొంత భాగమును పక్కపక్కన నుంచి, ఎన్ని స్థానములు కలియుచున్నవో విద్యార్థినే లెక్కపెట్టనిండు. మినుమో, పెసరో, వేరుశనగో పెల్లగించి బుడిపెను కోసి చూచు ప్రయోగమును ఆ అధ్యాయములోనే చేర్పుడు. సికిల్ సెల్‌ను గూర్చిన పుటను కోయ, గోండి మొదలగు భాషలు మాతృభాషగ గల పిల్లలకును బోధపడునట్లు సరళమైన తెలుగులో, భయపెట్టక, కరుణతో వ్రాయింపుడు. వ్రాయించునపుడు మన్యములో పనిచేయు వైద్యులను, ఆశ్రమ పాఠశాలల ఉపాధ్యాయులను పిలిచి సంప్రదింపుడు. ఈ పుటలను పరీక్షలో మార్కుల కొరకు కుదింపవలదు. ఇవి ముద్రించుటకు మీకు కొత్త గ్రంథము అవసరము లేదు. నాలుగు పుటలు చాలును. ఆ నాలుగు పుటలను ఈ సంవత్సరమే మా పిల్లలకిండని ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
ఒక జీవశాస్త్రోపాధ్యాయుడు